మ్యూనిక్ రాజభవనం నుంచి టెక్సాస్ పత్తిచేల దాకా: శిల్పి ఎలిసబెట్ నేయ్ కథ

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు టెక్సాస్‌లో ఉన్న మన తెలుగువాళ్ళం దాదాపు అందరం చేసే పని ఒకటుంది. ఓ శనివారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని, అందరినీ వ్యాన్‌లో ఎక్కించుకుని ఆస్టిన్ వెళ్ళి, ఎర్ర గ్రానైటు రాతితో కట్టిన కాపిటల్ భవనం చూపించి తీసుకొస్తాం. దక్షిణ ద్వారం గుండా లోపల అడుగుపెట్టగానే, ఇంకా గోపురం కిందికి చేరకముందే, దారికి ఇరువైపులా రెండు తెల్లని చలువరాతి విగ్రహాలు కనిపిస్తాయి. ఒకటి స్టీఫెన్ ఆస్టిన్‌ది, రెండోది శామ్ హ్యూస్టన్‌ది. పిల్లల్ని ముందు నిలబెట్టి ఫొటో తీసుకుంటాం. ఒక ఊరి పేరు ఈయనది, ఇంకో ఊరి పేరు ఆయనది అని పెద్దవాళ్ళకు చెప్పి ముందుకు సాగిపోతాం.

నేనూ నాలుగైదుసార్లు అలాగే వెళ్ళొచ్చాను. ఆరోసారి మా మామగారు వెంట ఉన్నారు. ఆయన బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. ఏది చూపించినా ఒక ప్రశ్న వేయందే వదలరు. హ్యూస్టన్ విగ్రహం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బాగానే ఉంది గాని, దీన్ని చెక్కిందెవరు బాబూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళుగా ఈ రాష్ట్రంలో ఉంటున్నాను, పిల్లల చేత టెక్సాస్ చరిత్ర బట్టీ పట్టించాను, ఆ సంగతి మాత్రం ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న జవాబు.

వాటిని చేసింది ఒక జర్మన్ స్త్రీ. పేరు ఎలిసబెట్ నేయ్. ఆ విగ్రహాలు కాపిటల్‌లో కొలువుతీరిన 1903 నాటికి ఆమెకు 70 ఏళ్ళు. మనలాగే ఎక్కడి నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. వచ్చిన తరువాత దాదాపు ఇరవై ఏళ్ళపాటు ఉలి పక్కన పెట్టేసిన మనిషి కూడా.

ఎలిసబెట్ 1833 జనవరి 26న జర్మనీలోని వెస్ట్‌ఫేలియా ప్రాంతంలో, మ్యూన్‌స్టర్ అనే ఊళ్ళో పుట్టింది. అప్పటికి జర్మనీ అనే ఒక్క దేశం లేదు. ప్రష్యా, బవేరియా, హానోవర్ అంటూ ఎవరి రాజ్యం వారిదే. మ్యూన్‌స్టర్ భక్తి మెండుగా ఉన్న క్యాథలిక్ పట్నం. తండ్రి రాతిపని చేసేవాడు. చర్చీలకు సాధువుల విగ్రహాలు, శ్మశానాలకు సమాధిరాళ్ళు చెక్కడం ఆయన వృత్తి. రాతిపొడి మధ్యే ఈ పిల్ల పెరిగింది. స్ట్రాస్‌బూర్గ్ చర్చికి సబీనా అనే స్త్రీ శిల్పాలు చెక్కిందని ఒక పాత ఐతిహ్యం ఉంది. అది నిజమో కల్పనో గాని, చిన్నప్పుడు తల్లి చెప్పిన ఆ కథే తనకు దారి చూపిందని ఎలిసబెట్ తరువాతి కాలంలో చెప్పుకునేది.

పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో ఆమె ఇంట్లో ఒక మాట బయటపెట్టింది: బెర్లిన్ వెళ్ళి రౌఖ్ దగ్గర శిల్పం నేర్చుకుంటానని. క్రిస్టియన్ డానియెల్ రౌఖ్ ఆ రోజుల్లో జర్మన్ శిల్పులందరికీ పెద్దదిక్కు. బెర్లిన్ నడివీధిలో గుర్రం మీద కూర్చున్న ఫ్రెడరిక్ మహారాజు కంచు విగ్రహం ఆయన పనే. దాన్ని 1851లో ఆవిష్కరించారు. అది విగ్రహాల శతాబ్దం. ఏ ఊరి కూడలి చూసినా ఒక రాజో, కవో, సేనానో నిలబడుతున్న కాలం. ఆ పని చేసేవాళ్ళలో మాత్రం ఆడవాళ్ళు లేరు. తల్లిదండ్రులు ససేమిరా అన్నారు. ప్రొటెస్టంటుల ఊరు, ఒంటరి ఆడపిల్ల, పైగా మగ మోడళ్ళను చూసి మట్టిబొమ్మలు చేయాలి! ఎలిసబెట్ అన్నం మానేసింది. మనకు బాగా తెలిసిన మాటలో చెప్పాలంటే నిరాహారదీక్ష. అది రోజులు దాటి వారాలకు సాగింది. చివరికి ఊరి బిషప్పు కలగజేసుకుని రాజీ కుదిర్చాడు. బెర్లిన్ వద్దు, క్యాథలిక్ నగరమైన మ్యూనిక్ అయితే వెళ్ళనిద్దామన్నారు.

మ్యూనిక్ కళా అకాడెమీ శిల్పవిభాగంలో అంతకు ముందు ఒక్క ఆడపిల్ల కూడా చదవలేదు. కాదూ కూడదూ అని చివరికి 1852లో చేర్చుకున్నారు. రెండేళ్ళలో అక్కడ చదువు పూర్తి చేసుకుని, తను మొదట అడిగినట్టే బెర్లిన్ చేరి రౌఖ్ దగ్గర శిష్యురాలైంది. అప్పటికాయనకు ఎనభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. 1857లో ఆయన పోయేలోగా ఆమెకు రెండు ఆస్తులు అందాయి. ఒకటి, మనిషి ముఖాన్ని అతిగా అలంకరించకుండా, ఉన్నది ఉన్నట్టు చేస్తూనే హుందాగా నిలబెట్టే పద్ధతి. రెండోది, బెర్లిన్ పెద్దమనుషులతో పరిచయం. బ్రదర్స్ గ్రిమ్ పేరుతో మన పిల్లలు చదివే జానపద కథలను సేకరించిన అన్నదమ్ముల్లో పెద్దవాడు యాకోబ్ గ్రిమ్. ఆయన బస్టు, అంటే భుజాల దాకా ఉండే విగ్రహం, ఎలిసబెట్ చేసింది.

ఇక్కడ ఒక ముచ్చట కొంచెం వివరంగా చెప్పాలి. 1859లో ఆమె ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి తత్వవేత్త షోపెన్‌హవర్ తలుపు తట్టింది. ఆయనకు 71, ఈమెకు 26. ఆడవాళ్ళకు కళ అంటే అసలు గ్రహింపే లేదని అచ్చులో రాసిన మనిషి ఆయన. ఒంటరివాడు, కోపిష్టి. అలాంటివాడి ఎదురుగా కూర్చుని రోజుల తరబడి బంకమట్టితో ఆయన తలను తయారుచేసింది. పని మధ్యలో ఇద్దరూ కలిసి కాఫీ తాగేవారు. ముసలాయన కరిగిపోయాడు. ఆమెను తెగ మెచ్చుకుంటూ స్నేహితులకు ఉత్తరాలు రాశాడు. మరుసటి ఏడాదే ఆయన కాలం చేశాడు.

షోపెన్‌హవర్ మనకు మరీ పరాయివాడు కాదు. దారా షికో హయాంలో పర్షియన్‌లోకి వెళ్ళి, అక్కడి నుంచి లాటిన్‌లోకి వచ్చిన ఉపనిషత్తులను ఆయన జీవితమంతా చదువుకున్నాడు. ఇంట్లో బుద్ధుడి విగ్రహం పెట్టుకున్నాడు. పెంచుకున్న పూడిల్ కుక్కలకు ఏం పేరు పెట్టేవాడనుకున్నారు? 'ఆత్మ'. ఆస్టిన్‌లో ఎలిసబెట్ మ్యూజియంలో షోపెన్‌హవర్ తల ముందు నిలబడి ఈ సంగతి చెబితే మా మామగారు చాలాసేపు నవ్వారు. "కుక్కలోనూ అదే ఉందని తెలిసే పెట్టుంటాడు" అన్నారు.

ఆ తరువాత పదేళ్ళు ఎలిసబెట్ జాతకం వెలిగిపోయింది. హానోవర్ రాజు అయిదవ జార్జి విగ్రహం చేసింది. 1865లో కప్రేరా ద్వీపానికి వెళ్ళి ఇటలీ విమోచన వీరుడు గారిబాల్డీని చేసింది. 1867లో బెర్లిన్‌లో బిస్మార్క్‌ను కూర్చోబెట్టి చేసింది. ఆ తరువాత బవేరియా రాజు రెండవ లుడ్విగ్. డిస్నీలాండ్‌లో పిల్లలు చూసే కోటకు ప్రేరణ అయిన నాయ్‌ష్వాన్‌స్టయిన్ కోట కట్టించిన రాజు ఈయనే. మనుషులకు దూరంగా ఉండే స్వభావం ఆయనది. అయినా ఎలిసబెట్‌కు మ్యూనిక్ రాజభవనంలోనే పని చేసుకునే చోటిచ్చి, రాజలాంఛనాల దుస్తుల్లో ఆమె ముందు నిలబడ్డాడు. ముప్పై ఏడేళ్ళకే ఒక శిల్పికి ఇంతకన్నా ఏం కావాలి? నగరంలో సొంత ఇల్లు కూడా కట్టుకుంది.

ఆ ఇల్లూ, రాజుగారి పనీ వదిలేసి 1870 చివర్లో ఉన్నట్టుండి బయల్దేరింది. 1871 జనవరిలో అమెరికా ఓడ ఎక్కింది.

ఎందుకు అన్నదానికి తలా ఒక కారణం చెబుతారు. ఫ్రాన్సుతో యుద్ధం జరుగుతోంది, ఆ వాతావరణం భరించలేకపోయిందని కొందరు. భర్త ఊపిరితిత్తుల జబ్బుకు వెచ్చని చోటు కావాలని కొందరు. నా మటుకు నాకు ఇంకో కారణం బలంగా తోస్తుంది. అది అర్థం కావాలంటే ఆ భర్త గురించి తెలియాలి. ఎడ్మండ్ మాంట్‌గొమరీ స్కాట్లండ్‌లో పుట్టినవాడు, వైద్యుడు, తత్వశాస్త్రం మీద ప్రాణం పెట్టుకున్నవాడు. విద్యార్థి దశలోనే ఇద్దరికీ స్నేహం కలిసింది. ఆడది పెళ్ళితో మగవాడి సొత్తయిపోతుందని ఎలిసబెట్ వాదన, అందుకని ఏళ్ళ తరబడి పెళ్ళికి ఒప్పుకోలేదు. చివరికి 1863 నవంబరు 7న మదీరా ద్వీపంలో బ్రిటిష్ కాన్సలేటులో రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. అయినా ఇంటిపేరు మార్చుకోలేదు. పెళ్ళయిందని ఎవరితోనూ చెప్పలేదు. ఆయన కూడా ఆమెను జీవితమంతా 'మిస్ నేయ్' అనే పిలిచాడు. 1870 చివరినాటికి ఆమె గర్భవతి. పెళ్ళి కాని ఆడదిగా లోకానికి తెలిసిన మనిషికి రాజుగారి కొలువులో ఆ స్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. నిజం చెబితే గండం గడిచేది. ఆమె నిజం చెప్పడానికి బదులు దేశమే మార్చింది.

మొదట జార్జియా రాష్ట్రంలో థామస్‌విల్ చేరారు. కొత్త ప్రపంచంలో ఆదర్శ జీవితం గడపాలనుకున్న జర్మన్ మిత్రులతో కలిసి ఒక కాలనీ పెట్టాలని ప్రయత్నం. అది నిలవలేదు. అక్కడే పెద్ద కొడుకు ఆర్థర్ పుట్టాడు. రెండోవాడు లోర్న్ 1872లో మిన్నెసోటాలో పుట్టాడు. 1873లో టెక్సాస్ వచ్చి, హ్యూస్టన్‌కు వాయవ్యంగా హెంప్‌స్టెడ్ దగ్గర లియెండో అనే పెద్ద తోటబంగళాను, చుట్టూ ఉన్న పొలాన్ని కొన్నారు. అది సివిల్ వార్‌కు ముందు బానిసల చెమటతో నడిచిన పత్తి ఎస్టేటు. బానిసత్వం రద్దయి అప్పటికి ఎనిమిదేళ్ళే. ఆ భూమి మీద పనిచేసిన కుటుంబాలే కూలికో పాలుకో ఇంకా అక్కడ పని చేస్తున్నాయి. బెర్లిన్, మ్యూనిక్ సంభాషణలకు అలవాటుపడ్డ ఇద్దరు మనుషులు పత్తి ధరలు, అప్పు వడ్డీలు, బురద రోడ్ల మధ్యకు వచ్చి పడ్డారు. వ్యవసాయం ఇద్దరికీ తెలియదు. మాంట్‌గొమరీ మేడ మీద సూక్ష్మదర్శినితో జీవపదార్థం మీద పరిశోధన చేసుకునేవాడు. పొలం ఎలిసబెట్ మీద పడింది.

ఆ ఏడాదే రెండేళ్ళ ఆర్థర్ డిఫ్తీరియాతో పోయాడు. అంటువ్యాధి భయంతో బిడ్డను పాతిపెట్టకుండా ఇంట్లోనే నిప్పుగూట్లో దహనం చేశారని ఆ ప్రాంతంలో కథగా చెప్పుకుంటూ వచ్చారు. దహనం అన్న మాట మనకు కొత్త కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖమే ముందు కనిపిస్తుంది మనకు. 1873 నాటి ఆ పల్లెలో మాత్రం అది ఘోరంగా, మంత్రగత్తె పనిగా పాకింది. అసలే మొగుడో కాదో తెలియని మగవాడితో ఉంటోంది, ప్యాంటు తొడుక్కుని మగవాళ్ళలా గుర్రమెక్కుతుంది, చర్చికి రాదు, యాస వేరు. పుకార్లకు ఇంకేం కావాలి?

మిగిలిన కొడుకు లోర్న్ మీద ప్రాణాలన్నీ పెట్టుకుంది. రాయినీ మట్టినీ తీర్చిదిద్దడం కన్నా బతికున్న మనిషిని తీర్చిదిద్దడం గొప్ప పని అనుకుంది. తనే చదువు చెప్పింది. చుట్టుపక్కల పిల్లలతో కలవనిచ్చేది కాదు, మోటువాళ్ళని. పాత గ్రీకుల పద్ధతిలో అంగీలు కుట్టి తొడిగేది. పిల్లాడు బయటికి వస్తే తోటి పిల్లలు ఎగతాళి చేసేవారు. వాడు పెద్దవుతున్న కొద్దీ తల్లి ఏది కావాలంటే దానికి ఎదురు తిరిగాడు. పక్కా టెక్సాస్ కుర్రాడిలా గుర్రాలు, సావాసాలు అంటూ తిరిగాడు. తల్లికి ఇష్టం లేని పెళ్ళి చేసుకున్నాడు. మాటలు పోయాయి. తన కోరిక కోసం అన్నం మానేసి అమ్మానాన్నలను వంచిన పిల్ల, తన కొడుక్కీ సొంత కోరికలుంటాయని ఎందుకు పసిగట్టలేకపోయిందో! ఈ భాగం చదువుతున్నప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఆదివారం పొద్దున్న తెలుగు క్లాసుకు రానని మొండికేసిన మావాడి మొహం గుర్తుకొచ్చింది. ఆ రోజు నేనన్న మాటలూ గుర్తుకొచ్చాయి.

ఈ ఇరవై ఏళ్ళలో శిల్పకళ దాదాపు లేదనే చెప్పాలి. మధ్యలో ఒక ఆశ తగిలింది. 1879 నుంచి 1883 దాకా టెక్సాస్ గవర్నరుగా ఉన్న ఓరన్ రాబర్ట్స్, కొత్త కాపిటల్ భవనం కట్టే ఆలోచన సాగుతున్న రోజుల్లో, ఆమెను ఆస్టిన్‌కు పిలిచి మాట్లాడాడు. అప్పటికి డబ్బు లేక ఏమీ కాలేదు. 1888లో భవనం పూర్తయింది, విగ్రహాల ఊసు లేకుండానే.

దశ తిప్పింది షికాగో. కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్ళయిన సందర్భంగా 1893లో అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శన అది. ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిన సర్వమత మహాసభలోనే వివేకానందులు ప్రసంగించారని మనందరికీ తెలుసు. ఆ ప్రదర్శనలో టెక్సాస్ మంటపానికి హ్యూస్టన్, ఆస్టిన్ విగ్రహాలు కావాలని, దానికి నిధులు కూడగట్టే పని నెత్తికెత్తుకున్న మహిళలు ఎలిసబెట్‌ను అడిగారు. ఆమెకు అప్పుడు 59. మన ఇళ్ళలో ఆ వయసుకు రిటైర్మెంటు లెక్కలు వేసుకుంటూ ఉంటాం. ఆమె 1892లో ఆస్టిన్ వెళ్ళి, అప్పుడే వెలుస్తున్న హైడ్ పార్కు పేటలో స్థలం కొని, సున్నపురాతితో చిన్న గ్రీకు గుడిలాంటి స్టూడియో కట్టించుకుంది. దానికి 'ఫార్మోజా' అని పేరు పెట్టింది. పోర్చుగీసు భాషలో 'అందమైనది' అని అర్థం. పెళ్ళైన కొత్తలో మదీరాలో ఉన్న ఇంటి పేరూ అదే. పక్కన పారే వాలర్ క్రీక్‌కు అడ్డుకట్ట వేయించి చిన్న చెరువు చేయించింది. ఎండాకాలం రాత్రుళ్ళు మేడ మీద ఆరుబయట పడుకునేది. ఊరు వింతగా చూసింది, తరువాత అలవాటు పడింది, ఆ తరువాత ఆమె ఇంటికి రాకపోకలు గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టింది.

ఈ విగ్రహాలు ఎలా తయారవుతాయో మన పిల్లలకు తెలియడం మంచిది. చాలామంది అనుకున్నట్టు శిల్పి ఒక పెద్ద బండ ముందు నిలబడి ఉలితో మొదలుపెట్టడం కాదు. మొదట ఇనుప కడ్డీలతో ఒక అస్థిపంజరం నిలబెట్టి, దాని మీద బంకమట్టి పెట్టుకుంటూ పోవాలి. మనిషంత ఎత్తు బొమ్మకు మట్టి బస్తాలకు బస్తాలు పడుతుంది. ఆరి పగలకుండా ప్రతి రాత్రీ తడిగుడ్డలు చుట్టాలి. టెక్సాస్ ఎండల్లో ఆ పనే ఒక యజ్ఞం. మట్టిబొమ్మ పూర్తయ్యాక దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. లోపలి మట్టి తీసేసి, ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోస్తే తెల్లని బొమ్మ వస్తుంది. చలువరాయి వంతు ఆ తరువాత. ప్లాస్టర్ బొమ్మ మీద గుర్తులు పెట్టుకుని, ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ ఎంత ఎత్తు అని పరికరంతో కొలిచి, ఆ కొలతల ప్రకారం రాతిలో తొలుస్తారు. ఈ రాతిపని మంచి చలువరాయి దొరికే ఇటలీలోని సెరవెజ్జాలో చేయించింది. ఆఖరి మెరుగు శిల్పి చేతిదే. మామగారి ప్రశ్నలో "చెక్కిందెవరు" అన్న మాటకు పట్టుబడితే, పేరు తెలియని ఆ ఇటలీ పనివాళ్ళకూ అందులో వాటా ఉంది.

షికాగోకు హ్యూస్టన్ ప్లాస్టర్ విగ్రహం ఒక్కటే సమయానికి చేరింది. ఆస్టిన్ విగ్రహం ఆలస్యమైంది. ఇద్దరినీ ఆమె రాజకీయ నాయకుల సూటుబూట్లలో చూపలేదు. అడవి దారుల్లో తిరిగే మనుషుల తోలుబట్టలు తొడిగింది. హ్యూస్టన్ భుజాన కప్పిన దుప్పటి, ఆయన చెరొకీ ఇండియన్ల మధ్య గడిపిన రోజులను గుర్తుచేస్తుంది. ఆస్టిన్ చేతిలో టెక్సాస్ పటం ఉంటుంది. అందరూ హ్యూస్టన్‌నే మెచ్చుకుంటారు గాని, నాకు ఆస్టిన్ బొమ్మే నచ్చుతుంది. హ్యూస్టన్ మనల్ని చూసి నిలబడ్డాడు. ఆస్టిన్ తన పనిలో తానున్నాడు. హ్యూస్టన్ మరీ పొడుగ్గా, ఆస్టిన్ మరీ పొట్టిగా ఉన్నాడని అప్పట్లో ఒకరు ఫిర్యాదు చేస్తే, మనుషులిద్దరినీ చేసింది దేవుడు, నేను చూసి చేశానంతే, ఫిర్యాదేదో ఆయనకే చేసుకోమందని చెబుతారు.

షికాగోలో మెచ్చుకోలు దొరికింది. ప్లాస్టర్ నుంచి చలువరాయికి మారడానికి మాత్రం పదేళ్ళు పట్టింది. రాతికి డబ్బు కావాలి, డబ్బు శాసనసభ ఇవ్వాలి. ఎలిసబెట్ ఆ పదేళ్ళూ ఊరికే కూర్చోలేదు. శాసనసభ్యులను ఫార్మోజాకు పిలిచేది, చెట్ల కింద విందులిచ్చేది, ఉత్తరాలు రాసేది. రిపబ్లిక్ ఆఫ్ టెక్సాస్ వీరుల వారసురాళ్ళ సంఘం వెన్నుదన్నుగా నిలిచింది. 1903 జనవరిలో రెండు చలువరాతి విగ్రహాలూ కాపిటల్‌లో ఆవిష్కరించారు. వాటి ప్రతులు 1905లో వాషింగ్టన్ చేరాయి. అమెరికా పార్లమెంటు భవనంలో ఒక్కో రాష్ట్రం తరఫున ఇద్దరిద్దరి విగ్రహాలుంటాయి. టెక్సాస్ తరఫున ఉన్న రెండూ ఈమె చేతివే.

మూడో పెద్ద పని ఆస్టిన్ రాష్ట్ర శ్మశానవాటికలో ఉంది. సివిల్ వార్‌లో దక్షిణాది సేనాని ఆల్బర్ట్ సిడ్నీ జాన్‌స్టన్ 1862లో షైలో యుద్ధంలో నేలకొరిగాడు. జెండా కప్పి పడుకోబెట్టినట్టున్న ఆయన చలువరాతి ప్రతిమ అది. పైన గోతిక్ పద్ధతిలో ఇనుప మంటపం. ఆమె గురువు రౌఖ్‌కు మొదట పేరు తెచ్చిందీ అలాంటి ప్రతిమే. ప్రష్యా రాణి లూయీజా నిద్రపోతున్నట్టుగా చెక్కిన సమాధి శిల్పం బెర్లిన్ షార్లటెన్‌బుర్గ్‌లో ఉంది. రెంటి ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడండి, గురుశిష్య సంబంధం మాటలక్కర్లేకుండా తెలుస్తుంది. పనితనంలో ఇది ఆమె ఉత్తమ శిల్పాల్లో ఒకటి. అయినా దాని ముందు నిలబడితే నాకు మనసు పూర్తిగా ఒప్పలేదు. జాన్‌స్టన్ ప్రాణమిచ్చిన పక్షం బానిసత్వాన్ని నిలుపుకోవడానికి యుద్ధానికి దిగిన పక్షం. గారిబాల్డీ కోసం ద్వీపం దాకా వెళ్ళిన మనిషి, లియెండోలో నల్లవాళ్ళ మధ్య ఇరవై ఏళ్ళు బతికిన మనిషి, ఈ పని ఏ ఆలోచనతో చేసిందో! శాసనసభ ఇచ్చిన పని, చేసింది, అంతేనని సరిపెట్టుకోవచ్చు. బహిరంగ విగ్రహాలు చేసే శిల్పికి ఎవరిని చేయాలో ఎంచుకునే అధికారం తక్కువ. అది ఆ వృత్తిలోని చిక్కు.

ఎవరూ అడగకుండా, తన కోసం తను చేసుకున్నది 'లేడీ మాక్‌బెత్'. షేక్‌స్పియర్ నాటకంలో చేసిన పాపం కడుక్కోలేక నిద్రలో నడుస్తూ చేతులు రుద్దుకునే రాణి. ఏళ్ళ తరబడి దాని మీద పని చేసి 1905 నాటికి చలువరాతిలో పూర్తి చేసింది. మెడ ఒక పక్కకు, చేతులు ఇంకో పక్కకు, ఒళ్ళంతా మెలిదిరిగిపోయి ఉంటుంది. రాజుల బస్టుల్లో ఉండే నిబ్బరం ఇందులో మచ్చుకైనా లేదు. లోర్న్, ఆర్థర్, లియెండో అప్పులు అన్నీ తెలిసి చూసేవాళ్ళకు ఆ చేతుల్లో షేక్‌స్పియర్ ఒక్కడే కనిపించడు. ఆ చలువరాతి విగ్రహం వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి అమెరికన్ ఆర్ట్ మ్యూజియంకు చేరింది. ప్లాస్టర్ బొమ్మ ఆస్టిన్‌లోనే ఉండిపోయింది.

1907 జూన్ 29న ఎలిసబెట్ ఆస్టిన్‌లో కన్నుమూసింది. లియెండోకు తీసుకెళ్ళి చెట్ల నీడలో పాతిపెట్టారు. నాలుగేళ్ళ తరువాత, 1911లో, మాంట్‌గొమరీని పక్కనే పెట్టారు.

బతికుండగానే ఆమె తన జర్మనీ నాటి ప్లాస్టర్ బొమ్మలను ఓడల మీద టెక్సాస్‌కు తెప్పించుకుంది. అందుకే గ్రిమ్, షోపెన్‌హవర్, బిస్మార్క్, గారిబాల్డీ, లుడ్విగ్ రాజు అందరూ ఇవాళ ఆస్టిన్‌లో ఒకే కప్పు కింద ఉన్నారు. ఆమె పోయాక ఎల్లా డిబ్రెల్ అనే స్నేహితురాలు ఫార్మోజాను కొని చెయ్యి జారకుండా కాపాడింది. 1911లో అక్కడే టెక్సాస్ ఫైన్ ఆర్ట్స్ అసోసియేషన్ పుట్టింది, ఇల్లు మ్యూజియం అయింది. 1941లో దాన్ని ఆస్టిన్ నగరానికి అప్పగించారు.

ఈసారి పెద్దవాళ్ళను తీసుకుని వెళ్ళేవారికి ఒక సలహా. కాపిటల్‌తో ఆపకండి. అక్కడి నుంచి తూర్పున రాష్ట్ర శ్మశానవాటిక దగ్గరే. ఆ తరువాత ఉత్తరంగా తూర్పు 44వ వీధికి వెళ్తే ఫార్మోజా వస్తుంది. బయల్దేరేముందు ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ఫోన్ చేసి కనుక్కోండి. లోపల ముందుగా షోపెన్‌హవర్‌ను వెతకండి, పిల్లలకు 'ఆత్మ' అనే కుక్క సంగతి చెప్పండి. లేడీ మాక్‌బెత్‌ను ఆఖరున చూడండి. బయటికి వచ్చాక వాలర్ క్రీక్ పక్కన చెట్ల నీడ ఉంది. పులిహోర డబ్బాలు అక్కడ విప్పుకోవచ్చు.